ఫార్మాట్ కొట్టి చేతులు దులుపుకుంటే దొంగ పోడు

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ కంప్యూటర్ సర్వీసు దుకాణానికి వెళ్లినా, సిస్టం స్లో అయిందని చెప్పినా, పేజీలు వాటంతటవే తెరుచుకుంటున్నాయని చెప్పినా వచ్చే జవాబు ఒక్కటే: "ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, అదే పోద్ది." సాయంత్రానికల్లా సిస్టం కొత్తదానిలా నడుస్తుంది. మూడు నాలుగు వందలు చేతులు మారతాయి. కొన్నాళ్లకే అదే సిస్టం మళ్లీ అదే బల్ల మీదికి వస్తుంది. నేనూ ఈ వృత్తిలోనే ఉన్నాను, కంభం రోడ్డులో చిన్న దుకాణం నాది. తోటివాళ్లకు కోపం వచ్చినా సరే చెప్పక తప్పదు. ఫార్మాట్ పేరుతో మన ఊళ్లలో జరుగుతున్నదాంట్లో చాలా భాగం రిపేరు కాదు. పాత దొంగను వెళ్లగొట్టి, అదే పూట కొత్త దొంగ చేతికి తాళం చెవి ఇవ్వడం.

ఫార్మాట్ అయ్యాక మళ్లీ ఎక్కించే విండోస్ ఎక్కడిదో ఎప్పుడైనా అడిగారా? దుకాణంలో ఏళ్ల తరబడి ఒకరి నుంచి ఒకరికి నకలు అవుతూ వచ్చిన పెన్ డ్రైవ్‌లోది. దాన్ని యాక్టివేట్ చేయడానికి కేఎంఎస్ పికో లాంటి చిన్న ప్రోగ్రాం ఒకటి నడుపుతారు. అది మొట్టమొదట కోరేదే యాంటీవైరస్ ఆపేయమని. ఆపేస్తాం. అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడపమంటుంది. నడుపుతాం. ఆ రెండు నిమిషాల్లో అది ఇంకేం చేసిందో చూసేవాళ్లు ఎవరూ ఉండరు. 2021 డిసెంబరులో రెడ్ కానరీ అనే అమెరికా భద్రతా సంస్థ ఈ సంగతే బయటపెట్టింది. కేఎంఎస్ పికో పేరుతో తిరుగుతున్న ఇన్‌స్టాలర్లలో క్రిప్ట్‌బాట్ అనే మాల్వేర్ దాగి ఉందనీ, బ్రౌజర్లలో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, క్రిప్టో వాలెట్ల వివరాలను అది ఎత్తుకుపోతోందనీ తేల్చింది. విండోస్‌తో అయిపోతుందా? డీటీపీ చేసేవాళ్లకు పేజ్‌మేకర్, ఫోటోషాప్, అను ఫాంట్లు కావాలి. లెక్కలు రాసేవాళ్లకు ట్యాలీ కావాలి. ఒక్కోదానికి ఒక్కో క్రాక్, ఒక్కో క్రాక్‌కి ఒక్కోసారి యాంటీవైరస్ ఆపడం.

ఇలా చేరేవన్నీ ఒకే తీరువి కావు. ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ వస్తే తెర మీద ఎర్రటి పెట్టె పెట్టి డబ్బులు అడుగుతుంది. అందరికీ తెలిసిపోతుంది. బ్యాక్‌డోర్ అలా కాదు. మీ సిస్టంలోకి ఒక దొడ్డిదారి తెరిచి పెట్టి, దాని యజమాని రమ్మన్నప్పుడు లోపలికి రానిస్తుంది. ఆ యజమాని ఇవాళే రావాలని లేదు. ఈ ఓపికే అన్నిటికంటే ప్రమాదం.

"మన దగ్గర ఏముందని ఎత్తుకుపోతాడు?" అనే వాళ్లకు నేను హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతి చెప్తుంటాను. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు తెరిచారు. ఆ రెండు కంప్యూటర్లలో దూరం నుంచి నడిపించే ట్రోజన్ ఒకటి, అంటే ఇలాంటి బ్యాక్‌డోరే, చేరి కూర్చుంది. దొంగతనం మాత్రం 2022 జనవరిలో ఒక వారాంతంలో జరిగింది. పోయింది 12.48 కోట్ల రూపాయలు. రెండు నెలలకు పైగా దొంగలు లోపలే ఉండి పాస్‌వర్డ్‌లు, లావాదేవీలు నడిచే తీరు నింపాదిగా చూసుకున్నారన్నమాట. దర్యాప్తు వివరాలు చెప్పిన అప్పటి పోలీసు కమిషనర్ సీవీ ఆనంద్, బ్యాంకుకు సరైన ఫైర్‌వాల్ రక్షణ కూడా లేదన్నారు. 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా వేసింది. కోట్లు తిరిగే బ్యాంకులోనే ఇద్దరు ఉద్యోగుల రెండు మామూలు డెస్క్‌టాప్‌లు ఇంత పని చేస్తే, ఎవరూ చూడని మన జిరాక్స్ సెంటర్ సిస్టం సంగతేమిటి?

నా బల్ల మీదికి వచ్చిన ఒక కేసు దగ్గరగా చూపిస్తాను. ఆయన మా మార్కాపురం పలకల వ్యాపారి. ఒకప్పుడు దేశమంతా పిల్లలు ఓనమాలు దిద్దిన పలకల్లో చాలా భాగం మా దగ్గర్నుంచే వెళ్లేవి. ఇప్పుడు అదే రాయి గోడలకూ నేలకూ వేసే డిజైన్ పలకగా విదేశాలకు వెళ్తోంది. బేరం, ఆర్డరు, బిల్లు, బ్యాంకు వివరాలు అన్నీ మెయిల్‌లోనే. ఒకరోజు ఆయన సీపీయూ చంకన పెట్టుకుని వచ్చాడు. విదేశంలోని కొనుగోలుదారు డబ్బు పంపబోయే ముందు ఎందుకో అనుమానం వచ్చి ఫోన్ చేశాడట. "నువ్వు పంపిన ఇన్‌వాయిస్‌లో అకౌంట్ నంబరు మారిందేం?" అని. ఈయన మార్చలేదు. "పోయిన నెలే ఫార్మాట్ కొట్టిచ్చా గదన్నా, మళ్లీ ఎట్టొచ్చింది?" ఆయన మొహంలో భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

ముందు సిస్టం ఆన్ చేసి, బ్రౌజర్లతో సహా అన్నీ మూసేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ కొట్టి పక్కన ఏఎన్ఓ ఆప్షన్ ఇచ్చాను. ఏ ప్రోగ్రాం ఏ చిరునామాతో మాట్లాడుతోందో వరసగా వస్తుంది, చివర్న ఆ ప్రోగ్రాం నంబరు ఉంటుంది. మనం ఏమీ తెరవకపోయినా విండోస్ తన పనుల కోసం కొన్ని చోట్లకు వెళ్తూనే ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ఒక వరస మాత్రం తెగకుండా ఏదో విదేశీ చిరునామాకు పట్టుకునే ఉంది. ఆ నంబరును టాస్క్ మేనేజర్‌లో వెతికితే పేరు ఎస్‌వీసీ హోస్ట్. విండోస్‌లో ఆ పేరుతో అసలు ప్రోగ్రాములు పదుల్లో నడుస్తుంటాయి. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. పేరు మీద కుడి క్లిక్ కొట్టి ఫైల్ ఎక్కడుందో తెరవమంటే నిజం బయటపడింది. అసలుది విండోస్ లోపలి సిస్టం32 ఫోల్డర్‌లో ఉంటుంది. ఇది ఆయన యూజర్ ఫోల్డర్‌లో, యాప్‌డేటా లోపల రోమింగ్‌లో ఉంది. టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే గూగుల్ అప్‌డేట్‌ను పోలిన పేరుతో ఒక పని, లాగిన్ అయిన ప్రతిసారీ దాన్ని లేపుతోంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ సెట్టింగుల్లో మినహాయింపుల జాబితా చూస్తే సీ డ్రైవ్ మొత్తం ఉంది. అంటే ఇంట్లో కాపలా ఉంది గానీ ఇంటివైపు చూడొద్దని ముందే చెప్పి పెట్టారు. మీ సిస్టంలో ఇవాళ ఒక్కటే చూస్తానంటే ఆ జాబితా చూడండి. మామూలు ఇంటి కంప్యూటర్‌లో అది ఖాళీగా ఉండాలి.

మరి ఫార్మాట్ కొట్టినా ఎలా తిరిగొచ్చింది? కొట్టింది సీ డ్రైవ్ ఒక్కటే. డీ డ్రైవ్‌లో ఆయన దాచుకున్న డౌన్‌లోడ్లు అలాగే ఉన్నాయి. అందులో పర్చేజ్ ఆర్డర్ అన్న పేరుతో ఒక జిప్, దాని లోపల పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైల్. విండోస్ ఫైల్ పేరు చివరి తోకను మామూలుగా దాచేస్తుంది. వ్యూలోకి వెళ్లి తోకలు చూపించమంటే పీడీఎఫ్ తర్వాత ఇంకో చుక్క, దాని పక్కన ఈఎక్స్ఈ. పాత ఆర్డరు చూసుకుందామని ఫార్మాట్ తర్వాత ఆయనే దాన్ని మళ్లీ తెరిచాడు.

ఇంకోటి కూడా దొరికింది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది అదే. ఆయన మెయిల్ ఖాతా సెట్టింగుల్లో ఎవరో ఒక ఫిల్టర్ రాసి పెట్టారు. ఇన్‌వాయిస్ అన్న మాట ఉన్న ప్రతి మెయిల్ ఒక తెలియని చిరునామాకు నకలు వెళ్తోంది. అది కంప్యూటర్‌లో లేదు. మెయిల్ కంపెనీ సర్వర్‌లో ఉంది. హార్డ్ డిస్క్ తీసి గుండ్లకమ్మలో పడేసినా ఆ నకళ్లు ఆగవు. బ్యాక్‌డోర్ తీయడమంటే ఒక ఫైల్ డిలీట్ చేయడం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. లోపలికి వచ్చినవాడు మొదటి దారి మూసుకుపోతుందని ముందే లెక్క వేసుకుని రెండోది, మూడోది పెట్టుకుంటాడు.

అందుకని వరస ముఖ్యం. అనుమానం రాగానే నెట్ తీసేయాలి. కేబుల్ పీకండి, వైఫై ఆపండి. తెర మీద కనపడినవాటిని ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, రేపు ఫిర్యాదుకు అవే ఆధారం. డబ్బు పోయి ఉంటే సిస్టం సంగతి తర్వాత, ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత. పాస్‌వర్డ్‌లు మార్చేది ఆ సిస్టంలో కాదు, వేరే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో. కీబోర్డు మీద కొట్టేదంతా వాడికి పోతున్నప్పుడు కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికే చేరుతుంది. పాస్‌వర్డ్ మార్చాక అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేయమనే ఆప్షన్ ఉంటుంది, అదీ నొక్కాలి. లేకపోతే వాడు ఎత్తుకుపోయిన లాగిన్ అలాగే బతికే ఉండొచ్చు.

వెతకడానికి డబ్బు పెట్టక్కర్లేదు. విండోస్‌లోనే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది సిస్టంను రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నది తప్పించుకోవడం కష్టం. పావుగంట పడుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆటోరన్స్ అనే పనిముట్టు, సిస్టంతో పాటు లేచే ప్రతిదాన్నీ ఒకచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్‌వి దాచేయమంటే మిగిలేవి కొన్నే, వాటిని ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులోనూ ఉచిత పనిముట్లు ఉన్నాయి. దూరం నుంచి సిస్టం నడిపే ఎనీడెస్క్ లాంటివి ఎవరైనా వేసి వెళ్లారేమో, తెలియని యూజర్ ఖాతా ఏదైనా ఉందేమో చూడండి. అనుమానం ఉన్న ఫైళ్లను వైరస్‌టోటల్ సైటులో పరీక్షించవచ్చు గానీ ఆధార్, బ్యాంకు కాగితాలు మాత్రం అక్కడ పెట్టకండి. పెట్టినవి ఇతరులకు అందుతాయి.

బ్యాంకు పనులు, వ్యాపారం మెయిళ్లు, పది మంది కాగితాలు నడిచే సిస్టంలో బ్యాక్‌డోర్ దొరికితే మాత్రం స్కాన్ చేసి శుభ్రమైందని నమ్మమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ ఫార్మాటే సరైన పని. కానీ మొత్తం డిస్క్, ఒక్క సీ డ్రైవ్ కాదు. కావలసిన డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే బయటికి తీయాలి, ఒక్క సెటప్ ఫైల్ కూడా వద్దు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి, శుభ్రంగా ఉన్న వేరే సిస్టంలో, కొత్తగా తయారుచేసిన పెన్ డ్రైవ్‌తో ఎక్కించాలి. రోజువారీ వాడకానికి అడ్మిన్ కాని మామూలు ఖాతా పెట్టాలి. మా వ్యాపారికి చేసింది అదే. ఆయన రెండు రోజులు దుకాణం మూసుకున్నట్టే అయింది, ఓపిక పట్టాడు.

పలకల వ్యాపారి సిస్టం ఆయన ఒక్కడిది. నెట్ సెంటర్ సిస్టం అందరిదీ. మా ప్రాంతంలో మెట్ట పంట పోతే హైదరాబాద్‌కో బెంగళూరుకో వలస వెళ్లే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లకు ఊళ్లో ఉన్న ఒకే కంప్యూటర్ బస్టాండ్ పక్కన నెట్ సెంటర్‌ది. వన్‌బీ, అడంగల్, ఈసీ, ఆధార్, పాన్, పిల్లల ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, పరీక్షల హాల్ టికెట్లు అన్నీ అక్కడే. దాని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, ఊరి ఆధార్‌లన్నీ వరసగా ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. అది ఎవరికి తెలియదు? ఎవరి పెన్ డ్రైవ్ అయినా దానికే గుచ్చుతారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ తెలియనివాళ్లు ఇక్కడ లేరు. ఆ షార్ట్‌కట్ నొక్కినప్పుడు ఫోల్డర్ తెరుచుకుంటుంది, దానితో పాటు దాచిన ఒక స్క్రిప్టూ నడుస్తుంది. ఎన్‌జే ర్యాట్ లాంటి బ్యాక్‌డోర్లు ఇలాగే ఒక సిస్టం నుంచి ఇంకో సిస్టంకి పాకుతాయి. దాన్ని "షార్ట్‌కట్ వైరసే కదా" అని తేలిగ్గా తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

బ్యాక్‌డోర్ ఉన్నచోట తీసుకుపోవడమే కాదు, తెచ్చి పెట్టడమూ జరగొచ్చు. భీమా కోరేగావ్ కేసులో 2018 జూన్‌లో అరెస్టయిన రోనా విల్సన్ ల్యాప్‌టాప్ నకలును పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, 2021లో బయటికి వచ్చిన నివేదికలో ఈ మాటే చెప్పింది. 2016 జూన్ 13న వరవరరావు మెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన ఫైల్‌ను తెరవడంతో నెట్‌వైర్ అనే ట్రోజన్ లోపలికి చేరిందనీ, 22 నెలల పాటు ఎవరో లోపల ఉండి దాచిన ఫోల్డర్‌లో ఉత్తరాలు పెట్టారనీ ఆ నివేదిక అంది. ఎన్‌ఐఏ ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక మనిషి కంప్యూటర్‌లో ఉన్నదంతా ఆ మనిషే పెట్టాడని చెప్పలేని పరిస్థితి రావొచ్చని ప్రతి ఇంటివాళ్లూ తెలుసుకోవాలి. నెట్ సెంటర్ నడిపే కుర్రాడికి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వాడి సిస్టం అడ్డం పెట్టుకుని ఎవరో నేరం చేస్తే పోలీసులు ముందు తట్టేది వాడి షట్టరే.

పోలీసులకే ఈ బెడద తప్పలేదు. 2017 మే 12న ప్రపంచమంతా విరుచుకుపడ్డ వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లను పట్టుకుంది. అది విండోస్‌లోని ఒక కన్నం గుండా దూరి, డబుల్‌పల్సార్ అనే బ్యాక్‌డోర్‌ను వాడుకుంది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న ఇచ్చింది. దాదాపు రెండు నెలలు ఉచితంగా అందుబాటులో ఉన్నా ఎక్కించుకోనివాళ్లే దెబ్బతిన్నారు. మరి మన క్రాక్ కాపీల్లో మొట్టమొదట చేసేది ఏమిటి? అప్‌డేట్లు ఆపేయడం, యాక్టివేషన్ పోతుందని. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా వస్తాయి. మా దగ్గరికి వచ్చేవాటిలో విండోస్ 7వి కూడా ఇంకా ఉన్నాయి. దానికి ఆగిపోయింది 2020 జనవరిలోనే.

"లైసెన్స్ కొనే స్తోమత మాకెక్కడిది అన్నా?" ఇది న్యాయమైన ప్రశ్న. రోజుకు నాలుగైదు వందలు మిగిలే నెట్ సెంటర్‌ను వేలు పెట్టి కొనమని నేను అనలేను. కానీ దరఖాస్తులు నింపడానికి, ప్రింట్లు తీయడానికి ఉచిత లినక్స్ సరిపోతుంది. పాత మెషీన్ మీద విండోస్ 10 కంటే తేలిగ్గా నడుస్తుంది కూడా. వర్డ్, ఎక్సెల్ పనులకు లిబ్రెఆఫీస్ ఉంది. తెలుగుకు మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పెళ్లి పత్రికలకు అలవాటైన అక్షరాల తీరు రాదని డీటీపీ మిత్రులు అంటారు. కొంత నిజమే, కానీ ఆ ఒక్క మెషీన్‌ను నెట్‌కి తగిలించకుండా పక్కన పెట్టుకోవచ్చు కదా. లినక్స్‌కి మాత్రం ప్రమాదం లేదా అంటే ఉంది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలోకి ఎవరో రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి బ్యాక్‌డోర్ దూర్చారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. మనం ఒక మెషీన్ ఇరవై నిమిషాలు స్లో అయినా తవ్వం.

ప్రభుత్వం చేయగలిగింది ఉంది. ఊరూరా సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. వాళ్లకు శుభ్రమైన ఇన్‌స్టాల్ పెన్ డ్రైవ్‌లు, స్కాన్ పనిముట్లు ఇచ్చి, నెలకో రోజు మండలంలోని నెట్ సెంటర్లను, సర్వీసు దుకాణాలను పిలిచి చూపించమంటే అయ్యే ఖర్చు ఎంత? సైబర్ స్వచ్ఛతా కేంద్రం సలహాలు మా కుర్రాళ్లు చదివి చేసుకునేలా, మెనూల బొమ్మలతో, తేట తెలుగులో రావాలి. ఆధార్, భూమి కాగితాలు తీసే సెంటర్లకు, పని అయ్యాక కస్టమర్ ఫైళ్లు తుడిచేయాలన్న షరతు పెట్టాలి.

తోటి సర్వీసు వాళ్లను నేను అడిగేది ఇంకా చిన్నది. బిల్లు రాయండి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ డ్రైవ్‌లు తుడిచాం, ఎక్కించిన విండోస్ అసలుదా కాదా, మెయిల్ ఫిల్టర్లు చూశామా లేదా, అన్నీ ఆ బిల్లు మీద ఉండాలి. కస్టమర్లు కూడా అది అడగండి. రాయనన్న దుకాణంలో సిస్టం వదిలి రాకండి. మా దుకాణంలో ఈ పద్ధతి పెట్టుకున్నాం, ఆ కాగితానికి ఒక నకలు మా దగ్గరే ఉంచుకుంటాం. అదే సిస్టం మళ్లీ వస్తే, పోయినసారి ఏ దారి మూశామో దాన్ని చూసే మొదలుపెడతాం.